పంక్తిభోజనం నుండి విశ్వభారతి దాకా: రవీంద్రుల విద్యాసాధన

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పెరిగే తెలుగు బిడ్డకు ఐదారేండ్లు నిండేసరికి నాలుగు భాషలు చెవిని పడతాయి. ఇంట తల్లితో తెలుగు, వీధిలో తోటిపిల్లలతో హిందీ, అంగడిలో బెంగాలీ, పుస్తకంలో ఇంగ్లీషు. తక్కిన ఊళ్ల పిల్లలకు దొరకని భాగ్యమిది. అయినా ఇన్నేళ్లుగా మేము గమనిస్తూ వచ్చిన సంగతి ఒకటి ఉంది. నాలుగు భాషలలో బేరమాడగల మన పిల్లలలో ఎందరు విజయదశమినాడు పక్క క్వార్టరులోని బెంగాలీ ఇంటికి వెళ్లి, పెద్దలకు నమస్కరించి, మిఠాయి తిని వచ్చారు? మన ముంగిట ముగ్గు ఎందుకు వేస్తామో ఆ ఇంటి పిల్లలకు ఎవరు చెప్పారు? ఈ జిల్లా మట్టిని మనకంటె ముందునుండి ఎరిగిన సంథాలుల పాట ఒక్కటైనా మన బడులలో వినిపించిందా? పక్కపక్కన ఉండటం వేరు, ఒకరినొకరు ఎరిగి ఉండటం వేరు. మొదటిది రైల్వే కొలువు వల్ల మనకు సిద్ధించింది. రెండవదానిని ఎవరైనా పూనుకొని నేర్పవలసి ఉంటుంది.

అట్లా నేర్పడానికి తన ఆస్తిని, ఆరోగ్యాన్ని, జీవితంలో నలభై ఏండ్లను వెచ్చించిన మహనీయుడు ఈ వంగభూమిలోనే జన్మించారు. ఆయన కవిగా లోకప్రసిద్ధులు. మేము ఇక్కడ స్మరింపదలచినది మాత్రం ఒక బడి పెట్టిన రవీంద్రనాథ ఠాకూరును. బౌద్ధ సంచికలో ఆయన చరిత్రకు తావెందుకని ఎవరైనా అడిగితే, మన ఊరి చుట్టుపక్కల నేలనే సమాధానంగా చూపుతాము. ఇక్కడికి దూరం కాని తమ్లూక్ ఒకనాటి తామ్రలిప్తి రేవు. ఐదవ శతాబ్దారంభంలో ఫాహియాన్ అక్కడ రెండేండ్లు నిలిచి గ్రంథాలకు ప్రతులు వ్రాసుకొని, పిమ్మట సింహళానికి ఓడ ఎక్కాడు. ఏడవ శతాబ్దంలో ఇత్సింగ్ అదే రేవున దిగి, నలందకు పోవడానికి ముందు అక్కడ ఆగి సంస్కృతం నేర్చుకొన్నాడు. వెళ్లబోయే దేశపు భాషను ముందుగా నేర్చి, ఆ తరువాతనే గురువుల ముందు కూర్చోవడం ఆనాటి భిక్షువుల మర్యాద. మన తెలుగునాట నాగార్జునకొండ మీది మూడవ శతాబ్దపు శాసనమొకటి కాశ్మీర, గాంధార, చీనా దేశాల పేర్లతోపాటు వంగదేశాన్ని, తామ్రపర్ణిని కూడ పేర్కొంటున్నది. కృష్ణాతీరానికీ వంగదేశానికీ పరిచయం ఏర్పడినది రైలుబండి వచ్చిన తరువాత కాదన్నమాట. విహారాలు అంతరించిన పిదప ఆ విద్యామర్యాదను తిరిగి నిలబెట్టడానికి పూనుకొన్నవారిలో రవీంద్రులు అగ్రగణ్యులు.

1861 మే 7న కలకత్తాలోని జొరాసాంకో భవనంలో మహర్షి దేవేంద్రనాథుని కుమారుడుగా రవీంద్రులు జన్మించారు. సంపన్నమైన ఇల్లు, చదువుల ఇల్లు. తండ్రి బ్రహ్మసమాజ నాయకుడు. అన్న సత్యేంద్రనాథుడు తండ్రితో కలిసి 1859లో సింహళయాత్ర చేసి, తరువాతి కాలంలో బౌద్ధధర్మం మీద గ్రంథం వ్రాశాడు. అంతటి ఇంట పుట్టిన బాలునికి బడి మాత్రం సరిపడలేదు. ఒక బడి విడిచి మరొక బడికి, అక్కడినుండి ఇంకొకదానికి మారి, చివరకు ఏ బడినీ పూర్తిచేయలేదు. చిన్ననాటి బడిలో పిల్లలచేత ప్రతిదినం ఒక ఇంగ్లీషు పాట పాడించేవారు. ఆ పాటలో ఒక్క పదానికైనా అర్థం వారికి తెలియదు. నాలుక తిరిగినట్లుగా ఏదో ఒక ధ్వని చేసేవారు. పెద్దవాడైన తరువాత కూడ రవీంద్రులకు ఆ అవమానం మరుపునకు రాలేదు. పరభాష మీద ఆయనకు ద్వేషం లేదు. అర్థం లేని ధ్వనిగా పిల్లల నోట పెట్టినప్పుడు ఏ భాషయైనా భారమే అవుతుందని ఆయన గ్రహించారు. పదిహేడేండ్ల వయసులో ఇంగ్లండు వెళ్లి, పట్టా లేకుండానే తిరిగివచ్చారు. 1892లో విద్యావిధానం మీద వ్రాసిన వ్యాసంలో చదువు మాతృభాషలో సాగాలని వాదించారు.

1901 డిసెంబరు 22న బోల్‌పూర్ దగ్గర, తండ్రి ధ్యానానికై ఏర్పరచుకొన్న శాంతినికేతనంలో, ఐదుగురు విద్యార్థులతో రవీంద్రులు బడి ప్రారంభించారు. ఆ ఐదుగురిలో ఒకడు ఆయన కుమారుడు రథీంద్రనాథుడు. చెట్లనీడన తరగతులు జరిగేవి. ఖర్చులకు సొమ్ము చాలక పూరీలోని ఇల్లు అమ్మివేశారు. భార్య మృణాళినీదేవి తన నగలు ఇచ్చివేసింది. ఏడాది తిరిగేలోగా, 1902 నవంబరులో, ఆమె కన్నుమూసింది. మరుసటి ఏడు కుమార్తె రేణుక, 1905లో తండ్రి, 1907లో చిన్న కుమారుడు శమీంద్రుడు ఒకరివెంట ఒకరు వెళ్లిపోయారు. ఇన్ని మరణాల నడుమ కూడ బడి మూతపడలేదు.

స్మారక సంచికలలో మహనీయుల గుణాలనే చెప్పి లోపాలను దాచడం పరిపాటి. మేము అట్లా చేయదలచలేదు, ఎందుకంటే ఈ జీవితంలో మనకు పనికివచ్చే పాఠం ఆయన లోపం దగ్గరనే మొదలవుతుంది. ఆ బడి పేరు బ్రహ్మచర్యాశ్రమం. ప్రాచీన తపోవనాల నమూనాతో దానిని నిర్మించాలని రవీంద్రులు తలచారు. తపోవనంతోపాటు వర్ణభేదం కూడ లోపలికి వచ్చింది. బ్రాహ్మణ బాలురకు భోజన పంక్తి వేరుగా ఉండేది. బ్రాహ్మణేతరుడైన ఉపాధ్యాయుని పాదాలకు బ్రాహ్మణ విద్యార్థులు మ్రొక్కవచ్చునా అనే ప్రశ్న 1902లో తలెత్తినప్పుడు, రవీంద్రులు సంఘాచారం పక్షాననే తీర్పు చెప్పారు. అదే ఏడాది హోరి శితోకు అనే జపాను బౌద్ధ భిక్షువు సంస్కృతం చదువుకోవడానికి ఆ ఆశ్రమానికి వచ్చాడు. సముద్రాలు దాటివచ్చిన భిక్షువుకు చోటు దొరికిన బడిలో, స్వదేశంలోని తోటి గురువుకు నిండు గౌరవం దొరకలేదు. ఈ వైరుధ్యం ఆనాటి రవీంద్రులకు ఇంకా కనబడలేదు.

అది క్రమంగా కనబడింది. ఒక్క రోజులో వచ్చిన మార్పు కాదిది. 1904లో జగదీశచంద్ర బోసు, సోదరి నివేదిత, యదునాథ సర్కారులతో కలిసి ఆయన బుద్ధగయను దర్శించారు. 1905లో వంగవిభజనకు వ్యతిరేకంగా సాగిన స్వదేశీ ఉద్యమంలో ముందు నిలిచి, అది హిందూ ముస్లిం వైరంగా మారడం చూసి మనసు విరిగి వెనుకకు వచ్చారు. దేశాన్ని ప్రేమించడం సులభమనీ, పొరుగువానిని ఎరగడం కష్టమనీ ఆయనకు అనుభవంలోకి వచ్చింది. తరువాత వచ్చిన గోరా నవలలో నాయకుడు కరడుగట్టిన ఆచారపరుడు. చివరకు తాను ఐరిష్ తల్లిదండ్రులకు పుట్టినవాడనని తెలుసుకొంటాడు. ఆ నవల వ్రాసిన చేయి బడిలోనూ పాత గీతలను చెరపడం మొదలుపెట్టింది. 1910 నుండి శాంతినికేతనంలో క్రీస్తు జయంతి జరపసాగారు. 1915లో గాంధీజీ అక్కడికి వచ్చి, దక్షిణాఫ్రికానుండి వచ్చిన తన ఫీనిక్సు ఆశ్రమ బాలురతోపాటు శాంతినికేతన విద్యార్థులు కూడ తమ వంట తామే చేసుకొనే ప్రయోగాన్ని ఆరంభింపజేశారు. ఆ ప్రయోగం ఎక్కువకాలం సాగలేదు. ఐనా మార్చి 10వ తేదీని శాంతినికేతనం గాంధీ పుణ్యదినంగా పాటిస్తూనే వస్తున్నది.

1913లో నోబెల్ బహుమానం లభించింది. 1916లో జపానులోను, అమెరికాలోను జాత్యహంకారాన్ని ఖండిస్తూ ప్రసంగించారు. పొగిడినవారే ముఖం తిప్పుకొన్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో చదువుకొన్న దేశాలే ఒకదానినొకటి చంపుకోవడం చూసినప్పుడు, పుస్తక విద్య ఎంత పెరిగినా పరులను ఎరిగే విద్య పెరగలేదని ఆయనకు స్పష్టమైంది. 1918 డిసెంబరులో విశ్వభారతికి శంకుస్థాపన జరిగింది. 1921 డిసెంబరు 23న ఆచార్య బ్రజేంద్రనాథ శీలు అధ్యక్షతన దానిని లోకానికి అంకితం చేశారు. విశ్వమంతా ఒకే గూటిలో కలుసుకొనే చోటు కావాలన్నది దాని ఆశయం.

ఆశయాన్ని ఆచరణలో పెట్టిన తీరు మనం శ్రద్ధగా చూడవలసినది. పరదేశాల గురించి పాఠం చెప్పించడంతో రవీంద్రులు తృప్తిపడలేదు. ఆ దేశంనుండి గురువునే అతిథిగా రప్పించి, ఆ భాషను ఆయన నోటనే నేర్పించారు. పారిసునుండి సిల్వన్ లెవీ వచ్చి చీనా, టిబెటు భాషల అధ్యయనానికి నాంది పలికారు. మూలంలో నశించిన బౌద్ధ గ్రంథాలు ఎన్నో ఆ రెండు భాషలలోనే మిగిలి ఉన్నాయి గనుక, మన ఇంటి నిధిని తెరవడానికే పొరుగింటి తాళంచెవి కావలసివచ్చింది. లెవీ దగ్గర చదువుకొన్న ప్రబోధచంద్ర బాగ్చీ చీనా బౌద్ధ వాఙ్మయంలో మహాపండితుడై, తరువాత విశ్వభారతికి ఉపకులపతి అయ్యాడు. చెకోస్లొవేకియానుండి వింటర్‌నిట్జ్, నార్వేనుండి స్టెన్ కోనో, ఇటలీనుండి తూచ్చి వచ్చారు. వీరు మన విద్యార్థులకు నేర్పారు, ఇక్కడి పండితులవద్ద తామూ నేర్చుకొన్నారు. ఎదురుబొదురుగా కూర్చున్న ఇద్దరూ శిష్యులే అయిన బడి అది. 1922లో పక్క గ్రామమైన సురుల్‌లో ఇంగ్లండు యువకుడు లెనార్డ్ ఎల్మ్‌హర్‌స్ట్ చేత గ్రామపునర్నిర్మాణ కేంద్రం పెట్టించారు. అదే శ్రీనికేతనమైంది. ప్రపంచాన్ని ఎరిగిన విద్యార్థి పక్క పల్లెలోని రైతునూ, సంథాలునూ ఎరగకపోతే ఆ చదువు సగమేనని ఆయన నమ్మకం.

1921లో సిలహటునుండి సయ్యద్ ముజ్తబా అలీ అనే పదహారు పదిహేడేండ్ల ముస్లిం యువకుడు విద్యార్థిగా చేరాడు. పదేండ్ల ముందు ముస్లిం బాలుని చేర్చుకోవడానికే సందేహించిన స్థలం అది. ముజ్తబా అలీ తరువాత కాబూలులో పాఠాలు చెప్పి, జర్మనీలో పరిశోధన చేసి, బెంగాలీలో గొప్ప యాత్రా రచయిత అయ్యాడు. 1927లో నిజాం ప్రభువు ఇస్లాం విద్యాధ్యయనానికై లక్ష రూపాయలు ఇవ్వగా, హంగరీ పండితుడు జెర్మానుస్ ఆ పీఠానికి ఆచార్యుడుగా వచ్చాడు. హైదరాబాదు సొమ్ము, హంగరీ గురువు, బెంగాలు బడి. ఈ కూడిక ఆనాడు మరెక్కడ సాధ్యమయ్యేది?

తెలుగువారికి ఆ బడి పరాయిది కాలేదు. రాయప్రోలు సుబ్బారావుగారు శాంతినికేతనంలో గడిపి, అక్కడి గాలిని తెలుగు భావకవిత్వంలోకి తెచ్చారు. పిఠాపురం ఆస్థాన వైణికుడు తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారిని రవీంద్రులు ఆదరంతో ఆహ్వానించి, తమ విద్యార్థులకు వీణ వినిపింపజేశారు. బెజవాడ గోపాలరెడ్డిగారు అక్కడ చదివి, బెంగాలీ ఆమూలాగ్రంగా నేర్చి, రవీంద్రుల రచనలను తెలుగులోకి తెచ్చారు. 1955లో ఆయన ఆంధ్రరాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. రవీంద్రులు కూడ మన నేలకు వచ్చారు. 1919లో మదనపల్లెలో విశ్రమించినప్పుడే జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. 1933 డిసెంబరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మానవుని గురించి ఉపన్యసించారు. అప్పుడు ఉపాధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణగారు. హౌరానుండి వాల్తేరుకు పోయే ఇనుపదారి మన ఖరగ్‌పూరు మీదుగానే సాగుతుంది. అదే దారిని గంజాం, విశాఖ మండలాలనుండి మన తాతలు పొట్ట చేతపట్టుకొని ఇటు వచ్చారు.

పరులను ఎరగడమంటే పరుల తప్పులకు తలవంచడమని కొందరి అపోహ. రవీంద్రుల జీవితం ఆ అపోహను తీరుస్తుంది. జలియన్‌వాలాబాగు దారుణం తరువాత 1919లో ఆయన ఇంగ్లీషు ప్రభువులిచ్చిన సర్ బిరుదును వదలుకొన్నారు. అప్పుడు ఆయన పక్కన నిలిచిన ఆప్తుడు ఆండ్రూస్ ఆంగ్లేయుడే. 1926లో ఇటలీ వెళ్లి ముస్సోలినీ ఆతిథ్యం స్వీకరించి, మొదట అక్కడి మెరుగులకు మోసపోయారు. రోమా రోలా ద్వారా నిజం తెలిసిన పిదప ఫాసిజాన్ని బాహాటంగా ఖండించారు. తన బడికి గురువులనూ గ్రంథాలనూ పంపిన ప్రభుత్వమని మొగమాటపడలేదు. 1931 సెప్టెంబరు 16న మన ఊరి హిజ్లీ నిర్బంధ శిబిరంలో నిరాయుధులైన బందీలమీద పోలీసులు కాల్పులు జరిపి సంతోషకుమార మిత్ర, తారకేశ్వర సేనగుప్తలను బలిగొన్నారు. డెబ్బై ఏండ్ల రవీంద్రులు పది రోజులకు కలకత్తా మైదానంలో జరిగిన బ్రహ్మాండమైన సభకు అధ్యక్షత వహించి ఆ దారుణాన్ని నిరసించారు. ఆ శిబిర భవనంలోనే 1951లో ఐఐటీ ఆరంభమై, దేశం నలుమూలలనుండి విద్యార్థులు వచ్చి చదువుతున్నారు. మన పిల్లలు ఆ భవనం పక్కనుండి సైకిళ్లమీద పోతూ ఉంటారు. ఆ గోడలకూ విశ్వకవికీ ఉన్న సంబంధాన్ని వారికి చెప్పేవారు మాత్రం అరుదు.

చీనాతో ఆయన మైత్రి కూడ సాఫీగా సాగలేదు. 1924లో అక్కడ పర్యటించినప్పుడు, వెనుకటి కాలపు బోధకుడని కొందరు చీనా యువకులు ఆయనకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచారు. ఆయన నొచ్చుకొన్నారు, చెలిమి మాత్రం వదలలేదు. 1927లో సింగపూరులో పరిచయమైన తాన్ యున్‌షాన్ మరుసటి ఏడు శాంతినికేతనానికి వచ్చి చీనా భాష నేర్పసాగాడు. స్వదేశానికి వెళ్లి నిధులు, వేలకొలది గ్రంథాలు సేకరించి తెచ్చాడు. 1937 ఏప్రిల్ 14న, బెంగాలీ సంవత్సరాదినాడు, చీనాభవనం తెరువబడింది. ఆ ఏడాదే జపాను చీనామీద దండెత్తింది. రవీంద్రులకు జపానులో మిత్రులెందరో ఉన్నారు. వారిలో కవి నోగుచి ఆ యుద్ధాన్ని సమర్థించగా, 1938లో రవీంద్రులు ఘాటుగా ప్రత్యుత్తరమిచ్చారు. స్నేహితుని తప్పును స్నేహితుడే చెప్పవలసి ఉంటుందన్నది ఆయన నడవడి.

ఇక మొదటి పంక్తి సంగతి. 1932లో అస్పృశ్యులకు ప్రత్యేక నియోజకవర్గాలు కల్పించడాన్ని వ్యతిరేకిస్తూ గాంధీజీ యరవాడ చెరలో నిరశన పూనినప్పుడు రవీంద్రులు అక్కడికి వెళ్లారు. 1933లో చండాలిక నాటకం వ్రాశారు. దాహంతో ఉన్న ఆనందభిక్షువు చండాలకన్య చేతి నీళ్లు అడిగి త్రాగే బౌద్ధ కథ అది. నేపాళ బౌద్ధ సంస్కృత గ్రంథాలమీద రాజేంద్రలాల్ మిత్ర ప్రకటించిన పుస్తకంనుండి ఆయన ఆ కథను గ్రహించారు. గురుపాదాలకు మ్రొక్కడానికి సైతం కులం అడ్డువచ్చిన ఆశ్రమాన్ని స్థాపించినవారే, ముప్పై ఏండ్లకు ఆ ఆశ్రమ విద్యార్థులచేత ఆ కన్య పాత్రను ధరింపజేశారు. 1935 వైశాఖ పౌర్ణమినాడు కలకత్తాలో మహాబోధి సభవారి ఉత్సవంలో ప్రసంగిస్తూ, తన మనసులో మానవులందరిలో మిన్నగా నిలిచినవాడు బుద్ధభగవానుడేనని ప్రకటించారు. బౌద్ధదీక్ష స్వీకరించని వ్యక్తి నోట వచ్చిన ఆ ప్రకటన వెనుక, ఆయన తన బడిలో తానే దిద్దుకొన్న తప్పు ఉన్నదని మా విశ్వాసం.

బడికి డబ్బు ఏనాడూ చాలలేదు. డెబ్బై ఐదేండ్ల వయసులో కూడ విద్యార్థులతో నాటకాలాడిస్తూ ఊరూరా తిరిగారు. 1936లో ఢిల్లీలో ఆయన అవస్థ చూసి గాంధీజీ అరవై వేల రూపాయలు సమకూర్చి, ఇక తిరగవద్దని కోరారు. 1941 ఆగస్టు 7న, తాను పుట్టిన ఇంటనే, రవీంద్రులు పరమపదించారు. అప్పుడు మరొక ప్రపంచయుద్ధం సాగుతున్నది. ఆయన ఆశించిన లోకం రాలేదు. బడి మాత్రం నిలిచింది. 1951లో కేంద్ర విశ్వవిద్యాలయమై, 2023లో శాంతినికేతనం యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైంది.

ఈ జీవితంనుండి ఓల్డ్ సెటిల్‌మెంట్ ఏమి గ్రహించాలి? క్వార్టర్లు హోదాను బట్టి పంచబడిన ఊరు మనది. ఏ వరుస ఎవరిదో పిల్లలకు సైతం తెలిసే రైల్వే పట్టణంలో మనకూ పంక్తులు ఉన్నాయి. ఊరినిబట్టి, కులాన్నిబట్టి, భాషనుబట్టి గీసుకొన్నవి ఉన్నాయి. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాష హోదా కల్పించడానికి నిర్ణయించినప్పుడు మనమందరం సంతోషించాము. ఆ గౌరవం నిలవాలంటే మన పిల్లలు తెలుగు చదవగలగాలి, వ్రాయగలగాలి. అంతతో సరిపెట్టుకొంటే మనం అడిగి పుచ్చుకొన్నవారమే అవుతాము. పొరుగువాని భాషను కూడ అదే శ్రద్ధతో నేర్చినప్పుడు ఇచ్చిపుచ్చుకొన్నవారమవుతాము.

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. నెలకొక పూట మన పిల్లలు చదివే బడులకు ఒక బెంగాలీ అవ్వనో, ఒక సంథాలు పెద్దనో, ఒక ఒరియా మాస్టారునో అతిథిగా పిలిచి, వారి కథను వారి మాటలలో విని, పది మాటలైనా నేర్చుకోవచ్చు. బదులుగా మన తాతమ్మలు వెళ్లి తెలుగు కథ చెప్పి రావచ్చు. మొగల్‌మారిలో త్రవ్వకాలలో బయటపడిన బౌద్ధవిహారానికి, తమ్లూక్‌కు, హిజ్లీ భవనానికి అన్ని భాషల పిల్లలను కలిపి తీసుకొనిపోవచ్చు. మనమీద మనకే కోపం తెప్పించే ప్రశ్నలను కూడ వారిచేత అడిగించవచ్చు. శాంతినికేతనంలో మొదటి పంక్తి ఎందుకు వేరుగా ఉండేదని ఒక పిల్లవాడు అడిగితే, దాచకుండా చెప్పాలి. మన ఇంటి పంక్తి మాటేమిటని వెంటనే మరొక ప్రశ్న వస్తుంది. దానికి కూడ జవాబు సిద్ధం చేసుకోవాలి.

రానున్న వైశాఖ పౌర్ణమికి మా విన్నపం ఒక్కటే. ఆ పూట భోజనానికి ప్రతి తెలుగు ఇల్లు పొరుగున ఉన్న పరభాషా కుటుంబాన్ని పిల్లలతో సహా పిలవాలి. అందరూ ఒకే వరుసలో కూర్చోవాలి. వడ్డన పిల్లలకు వదిలివేయాలి. ఎవరి ఆకులో ఏది ముందుగా వడ్డించాలో, ఆ పదార్థాన్ని ఏ భాషలో ఏమంటారో వారే ఒకరినొకరు అడిగి తెలుసుకొంటారు.